చేపల్లేని తొట్టెకి మేత

మా తెనాలి ఇంటి ముందుగదిలో కొత్త చేపల తొట్టె పెట్టి పన్నెండు రోజులైంది. పొద్దున మూత తీయగానే తడి స్పాంజి వాసన గుప్పుమంది. వానకి నానిన చెరువుగట్టు వాసన, కాస్త నాచు, కాస్త చేపమేత కలిసిన వాసన. మా నాలుగేళ్ళ పాప ముక్కు మూసుకుంది. నేను మాత్రం మూత పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నా పదేళ్ళప్పటి వేసవి సెలవులన్నీ ఆ వాసనతోనే గడిచాయి మరి.

ఆ ఏడు శ్రీరామనవమికి నాన్న మమ్మల్ని బాపట్ల తీసుకెళ్ళారు. సూర్యలంక సముద్రంలో తడిసి, జడల నిండా ఇసుకతో, పందిట్లో పోసిన మిరియాల పానకం తాగి, దోసిట్లో వడపప్పు నములుకుంటూ బస్టాండుకి నడుస్తుంటే, ఒక కొట్టు ముందు గాజుతొట్టెలో ఎర్రటి చేపలు కనబడ్డాయి. నేను కదలనన్నాను. నాన్న రెండడుగుల తొట్టె, స్పాంజిలోంచి నీళ్ళు తిప్పే మోటారు, రెండు గోల్డ్‌ఫిష్‌లు కొనిపెట్టారు. ఇంటికి రాగానే అమ్మ ఆ తొట్టెని, గులకరాళ్ళని పూజసామాను తోమినంత శ్రద్ధగా తోమి, కుళాయి నీళ్ళు నింపింది. తళతళలాడే ఆ నీళ్ళలో ఆ సాయంత్రమే చేపల్ని వదిలాం. ఐదో రోజుకి రెండూ వెల్లకిలా తేలాయి.

నేనే చంపాననుకుని అన్నం ముట్టలేదు. అమ్మ వాటిని జామచెట్టు మొదట్లో పాతిపెట్టి వచ్చి, చేతులు కడుక్కుంటూ తేల్చి చెప్పింది.

“ఇంకొక్కసారే. ఈసారీ చచ్చాయంటే తొట్టె అటకెక్కుతుంది. ప్రాణాలతో ఆటలేంటే?”

అమ్మ తమ్ముడు, మా మావయ్య, రేపల్లెలో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షచేసే చిన్న ల్యాబు నడిపేవాడు. కబురు విని వచ్చి, తొట్టె చూసి, “నీళ్ళు మరీ కొత్తవే అమ్మాయ్” అన్నాడు. మిగిలిన మేత, చేపల మలం కుళ్ళి అమోనియా అవుతుందట. దాన్ని ఒకరకం సూక్ష్మజీవులు తిని నైట్రైటుగా మారుస్తాయట. అదీ విషమేనట. ఇంకోరకం వచ్చి దాన్ని అంతగా హాని చేయని నైట్రేటుగా మారిస్తే గానీ చేప బతకదట. ఆ రెండు రకాలూ స్పాంజిలోనూ రాళ్ళ మీదా కాపురం పెట్టడానికి నెలా, నెలన్నరా పడుతుందన్నాడు.

“కొత్తగా తవ్విన చెరువులో నీళ్ళు రంగు తిరక్కుండా రొయ్యపిల్ల వదులుతాడా ఏ రైతైనా? ఇదీ అంతే.”

అప్పట్నుంచి కుళాయి నీళ్ళు క్లోరిను పోయేలా బకెట్లలో రెండు రోజులు నిలవబెట్టి పోయడం, మోటారు ఆపకుండా తిప్పడం, సాయంత్రం కాగానే ఆ సూక్ష్మజీవుల కోసం ఖాళీ తొట్టెలో చిటికెడు మేత వేయడం నా పని. “లేని చేపలకి మేతేంటే! నీకు పెట్టిన ఉప్మా మాత్రం తినవు” అనేది అమ్మ. పక్కింటి పిన్నిగారు కిటికీలోంచి తొంగిచూసి, “చేపలేవే?” అనేవారు. “వస్తాయండి” అంటే, “ఏం, రైలు లేటా?” అని నవ్వేవారు.

ఆదివారం వస్తే దగ్గుమందు సీసా కడిగి, తొట్టెలో నీళ్ళు పట్టుకుని, నాన్నతో రేపల్లె రైలెక్కేదాన్ని. ముంజెల గంపలు, మల్లెపూల బుట్టలు, మామిడిపళ్ళ సంచుల మధ్య ఆ సీసాని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. రేపల్లెలో దిగగానే మిల్లుల దగ్గర ఉడికిన వడ్ల వాసన. మావయ్య ల్యాబు ముందు పొడుగాటి బల్ల, బల్ల మీద సీసాలు పట్టుకున్న రైతులు. మొదటిరోజే, పంచె ఎగ్గట్టిన ఒక పెద్దాయన అడిగాడు.

“ఎన్నెకరాలమ్మా?”

“రెండడుగులండి.”

బల్లంతా ఘొల్లుమంది. ఆయన మాత్రం జరిగి చోటిచ్చాడు. “కూర్చో తల్లీ, అందరిదీ ఒకటే బాధ.”

మావయ్య గాజుగొట్టంలో మందు చుక్కలు వేసేవాడు. పసుపుగా ఉంటే అమోనియా లేనట్టు, ఆకుపచ్చగా మారితే ఉన్నట్టు. రెండో గొట్టం గులాబీ రంగుకి తిరిగితే నైట్రైటు ఉన్నట్టు. మూడు ఆదివారాలకి పచ్చదనం చాలావరకు తగ్గింది. నాలుగో వారం అమ్మ ఆవకాయ జాడీలు వేడినీళ్ళతో కడుగుతూ, జిగటగా గోధుమరంగుకి తిరిగిన స్పాంజి చూసి అసహ్యపడి, దాన్నీ మరిగే నీళ్ళలో ముంచి ఉతికేసింది. నేను బడి స్నేహితురాలింటి నుంచి వచ్చేసరికి పిట్టగోడ మీద తెల్లగా ఎండుతోంది. ఇప్పుడు పాప పాలగ్లాసు మూడుసార్లు మరిగిస్తున్నదాన్ని, అమ్మ చెయ్యి ఎందుకాగలేదో నాకు తెలుసు. అప్పుడు మాత్రం నేలమీద పడి ఏడ్చాను.

ఆ ఆదివారం అమ్మ కూడా రైలెక్కింది. గొట్టం మళ్ళీ పచ్చబడింది.

“ఏంట్రా, శుభ్రం చేయడం కూడా తప్పేనా?”

“నువ్వు కడిగేసింది మురికి కాదక్కా, ఇన్నాళ్ళ దీని కష్టం. రాళ్ళ మీద కొన్ని మిగిలుంటాయిలే. ఇంకో మూడు వారాలు ఆగండి.”

ఆ సాయంత్రం నేను మర్చిపోతే, చిటికెడు మేత అమ్మే వేసింది.

బడులు తెరిచే ముందు ఆదివారం. మావయ్య చెప్పినట్టు సూక్ష్మజీవుల సత్తా చూడ్డానికి ముందురోజు రెండింతల మేత వేసి, ఆ నీళ్ళు పట్టుకెళ్ళాం. మొదటి గొట్టం పసుపుగానే ఉంది. రెండోదాన్ని మావయ్య తెల్లకాగితం ముందు పట్టుకున్నాడు. బల్ల మీదున్న రైతులందరూ మెడలు సాచారు.

“తిరిగిందా?” అన్నాడు పంచె పెద్దాయన.

“లేదండి. రెండూ సున్నాయే!”

బల్లంతా చప్పట్లు. సున్నా వచ్చినందుకు చప్పట్లు కొట్టించుకున్నది ఈ జన్మకి ఆ ఒక్కసారే. “నా ఆరెకరాలూ ఈ పిల్లకే అప్పగించాలయ్యా” అన్నాడు పెద్దాయన. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, ఎవరూ అడక్కుండానే అందరికీ చెప్పుకొచ్చింది, “మా అమ్మాయేనండి, మా అమ్మాయి.”

తొట్టెలో సగం నీళ్ళు మార్చి, కొత్త చేపల్ని సంచితోనే అరగంట నీళ్ళలో తేల్చి వదిలాం. ఐదోరోజు నేను మంచం దిగలేదు. అమ్మే వెళ్ళి చూసి, “లేవే, మేతకి ఎగబడుతున్నాయి” అని కేకేసింది. వాటిలో ఒకటి నేను బాపట్లలో డిగ్రీకి చేరేదాకా బతికింది.

మావయ్య ల్యాబున్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు. పరీక్ష కాగితాలు ఇంటికే వస్తాయి, ముంచితే నిమిషంలో రంగు తేలుతుంది. పక్కవాడి నీళ్ళు బాగుంటే సంతోషించే మనుషులతో నిండిన ఆ బల్ల మాత్రం ఎక్కడా లేదు. ఈ రోజు నా కాగితం ముదురు గులాబీకి తిరిగింది, అంటే ఇంకా వారాలు పడుతుంది. పాపకి ఒళ్ళు కాస్త వెచ్చబడితే గంటకోసారి థర్మామీటరు పెడతాను, ముద్ద మింగేదాకా గొంతు వంకే చూస్తాను. ఈ తొట్టె ముందు మాత్రం నాకే కంగారూ లేదు. ఆగడం నాకొచ్చు.