దాగలి మీద రెండు దెబ్బలు

మా ఆయన్ని ఊళ్లో అందరూ సమ్మెట అనే పిలుస్తారు. పెళ్లయిన కొత్తలో ఆ పిలుపు వింటే నాకు ఒళ్లు మండేది. మనిషికి పనిముట్టు పేరేమిటని దెబ్బలాడేదాన్ని. తరువాత నేనూ కొలిమిలో పనికి కూర్చుని, ఆయన కొట్టడం రోజూ చూశాక నోరు మూసుకున్నాను. అంతకన్నా సరైన పేరు ఆయనకు లేదు.

మా కొలిమిలో ముగ్గురమే. నిప్పుకు గాలి కొట్టే చక్రం తిప్పేది నేను. ఎర్రగా కాలిన ఇనుమును పట్టకారుతో దాగలి దిమ్మ మీద పెట్టి పట్టుకునేది మా బావగారు, అంటే మా ఆయనకు సొంత అన్న. సమ్మెట ఎత్తి దించేది మా ఆయన. ఆ చప్పుడులో మామూలు మాటలు వినపడవు. అందుకని బావగారి కుడి చేతిలో చిన్న సుత్తి ఉంటుంది. ఇనుము మీద ఆయన ఎక్కడ తడితే మా ఆయన అక్కడ కొడతాడు. పని చాలనుకుంటే ఖాళీ దాగలి మీద టంగ్ టంగ్‌మని రెండుసార్లు తడతారు. అంతే, మా ఆయన చేతులు వాలిపోతాయి. సమ్మెట సగం గాల్లో ఉన్నా సరే, పక్కకు దించేస్తాడు. మీసాలు రాని వయసు నుంచీ అదే అలవాటు, ఆలోచించి చేసే పని కాదది. బావగారి వేళ్లు ఆ దెబ్బకు జానెడు దూరంలో ఉంటాయి. అవి ఇన్నాళ్లూ నిలిచాయంటే ఆ అలవాటు వల్లే.

ఇక బాక్సింగ్ సంగతి. ఇనుప సామాన్ల గోదాము పైన ఒక హాలు ఉంది. ఆదివారాలు పనివాళ్లందరూ అక్కడ చేరి, ఒకరినొకరు చితక్కొట్టుకుని, కలిసి టీ తాగి ఇళ్లకు పోతారు. నలభైకి దగ్గర పడ్డావు, వారమంతా కొట్టింది చాలదా, సెలవు రోజు కూడా కొట్టాలా అని నెత్తీ నోరూ బాదుకున్నాను. ఇనుము తిరిగి కొట్టదు కదే, అందులో మజా ఏముంది అని నవ్వేవాడు. తిరిగి కొట్టేవాడు దొరికాక తెలిసొస్తుందిలే అన్నాను. నా నోరు మంచిది కాదు.

ఆ ఆదివారం ఆయన ఎదుట నిలబడింది ఐసు బండి డ్రైవరు. వయసులో చిన్న, మంచి పొడగరి. మొదటి రౌండులో దూరం నుంచే పొడిచి పొడిచి మా ఆయన పెదవి చీల్చాడు. రెండో రౌండులో మా ఆయన లోపలికి దూరాడు. డొక్కలో ఒకటి, మళ్లీ అక్కడే ఇంకొకటి, వాడు వంగగానే ముక్కు మీద ఒకటి. ముక్కెముక విరిగిన చప్పుడు నేను కూర్చున్న చోటికి వినపడింది. రక్తం వాడి గడ్డం మీదుగా కారి ఛాతీ అంతా పాకింది. జనం లేచి నిలబడి చంపెయ్, చంపెయ్ అని అరుస్తున్నారు. అబద్ధమెందుకు, నేనూ అరిచాను. వాణ్ని రింగు తాళ్లకు ఆనించి మా ఆయన ఎడాపెడా వాయిస్తున్నాడు, కొలిమిలో కొట్టినట్టే, ఒక లెక్క ప్రకారం.

రింగు మూలన ఇనుప స్తంభం దగ్గర బావగారు నిలబడి ఉన్నారు. చేతిలో కొలిమి తాళం చెవి, బెత్తెడు పొడుగుంటుంది. డ్రైవరు మోకాళ్లు వణకడం ఆయన చూశారు. పని అయిపోయిందనుకున్నారు. ఆయన చెయ్యి తనంతట తానే లేచి, ఆ తాళం చెవితో స్తంభం మీద టంగ్ టంగ్‌మని తట్టింది.

మా ఆయన చేతులు రెండూ కిందికి వాలిపోయాయి.

డ్రైవరు కళ్లు మూసుకుని, ఉన్న సత్తువంతా కూడదీసుకుని విసిరాడు. పాత గ్లవ్, లోపల దూది ఎప్పుడో అణిగిపోయింది. ఆ దెబ్బ నేరుగా ఎడమ కంట్లో దిగింది. మా ఆయన అరవనైనా లేదు. నిలువునా కూలాడు, తల నేలకు కొట్టుకుంది, కాళ్లు రెండూ గిలగిలా తన్నుకున్నాయి. నేను తాళ్ల కింద నుంచి దూరి వెళ్లేసరికి కన్నుండాల్సిన చోట నెత్తురు ముద్ద ఉంది. తల ఒడిలోకి తీసుకుంటే, గంట కొట్టాక కొట్టాడే అన్నాడు.

కంటి చుట్టూ ఎముక పగిలిందని, కన్ను చితికిపోయిందని డాక్టరమ్మ చెప్పింది. చివరికి తీసేశారు.

రౌండు ముగిసే గంట మోగలేదని రెఫరీ అన్నాడు. గంట దగ్గర కూర్చున్నవాడూ ఒట్టేశాడు. మా ఆయనకు అందరూ తోడుదొంగల్లా కనిపించారు. చెవులారా విన్నానంటాడు. విన్న మాట నిజమే కదా, కాదని ఎలా అంటాను? మంచం మీద పడుకుని ఆయన ఆలోచించింది ఒకటే, ఆ డ్రైవరు చెయ్యి విరగ్గొట్టాలి. ఏ చెయ్యి, ఎక్కడ, ఎలా, అన్నీ నాకు వివరంగా చెప్పేవాడు.

ఆసుపత్రి వరండాలో బావగారిని నిలదీశాను. మీ చేతిలో ఆ తాళం చెవి నేను చూశానన్నాను. ఆయన దాన్ని జేబులోంచి తీసి చూసి, మళ్లీ పెట్టుకుని బావురుమన్నారు. తనకే తెలియకుండా చెయ్యి లేచిందన్నారు. చెబితే వాడు నా మొహం చూడడమ్మా అన్నారు. చెప్పకపోతే ఏ పాపమూ ఎరగనివాడి చెయ్యి పోతుంది, మీ తమ్ముడు జైలుకు పోతాడు, నేను చెబితే అన్నదమ్ముల్ని విడదీసిన కోడలినవుతాను, చెప్పాల్సింది మీరే అన్నాను. రేపు చెబుతా, ఎల్లుండి చెబుతా అని నాన్చారు. అంత పెద్ద మనిషి, తమ్ముడి గదిలోకి బత్తాయిలు పట్టుకుని వెళ్లి, ఒలిచి పెట్టి, నోరు విప్పకుండా తిరిగొచ్చేవారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

కట్టు విప్పాక మా ఆయన మళ్లీ సమ్మెట పట్టాడు. బావగారి సుత్తి తట్టింది ఒక చోట, సమ్మెట పడింది ఇంకో చోట. ఒంటి కంటికి దూరం ఆనలేదు. రెండోసారి పట్టకారు మూతి మీద పడి, ఎర్రటి ఇనుము ఎగిరి నా పాదం పక్కనే పడింది. మా ఆయన సమ్మెటను నేలకేసి బాది, వాడు నన్ను చంపేసినా బాగుండేది అన్నాడు.

సరిగ్గా ఆ వేళకే వచ్చాడు ఆ డ్రైవరు. వాడి ముక్కు వంకరగా అతుక్కుని ఉంది. చూసి పోదామని వచ్చానన్నా అని అన్నాడో లేదో, మా ఆయన వాడి జుట్టు పట్టి లోపలికి ఈడ్చాడు. మోకాలితో పొట్టలో పొడిచాడు. చెయ్యి మెలితిప్పి దాగలి మీద అదిమిపెట్టి, రెండో చేత్తో సమ్మెట ఎత్తాడు. నేను నడుం పట్టుకుని లాగితే మోచేత్తో విసిరికొట్టాడు, వెళ్లి బొగ్గుల కుప్ప మీద పడ్డాను.

"గంట కొట్టాక కొడతావురా," అన్నాడు మా ఆయన.

టంగ్ టంగ్.

బావగారి చిన్న సుత్తి దాగలి అంచు మీద ఉంది. మా ఆయన చేతులు వాలిపోయాయి, సమ్మెట పక్కన నేలకు దిగిపోయింది. డ్రైవరు చెయ్యి లాక్కుని గోడవారకు పాకాడు. మా ఆయన తన చేతుల్ని చూసుకున్నాడు. తరువాత ఆ సుత్తిని చూశాడు.

"ఆ రోజు కొట్టింది నువ్వా అన్నయ్యా?"

"నేనేరా. తాళం చెవితో."

మా ఆయన ఒక్క గుద్దు గుద్దాడు. బావగారి నోరు పగిలింది, ముందు పళ్లు రెండు రాలి బూడిదలో పడ్డాయి. కింద పడ్డ ఆయన దాగలి పట్టుకుని లేచారు. డ్రైవరు చెయ్యి ఉన్న చోటే తన కుడి చెయ్యి చాపి పెట్టి, కొట్టరా అన్నారు. మా ఆయన సమ్మెటను రెండు చేతులా నెత్తి మీదికి ఎత్తాడు. ఎత్తింది ఎత్తినట్టే ఉంది. మిగిలిన ఒక్క కన్నూ చికిలించి అన్న చేతిని చూస్తున్నాడు. ఆ కంట్లోంచి నీళ్లు కారిపోతున్నాయి.

"తియ్యి అన్నయ్యా," అన్నాడు. "ఎక్కడ పడుతుందో నాకు తెలీడం లేదు."

ఇప్పుడు పట్టకారు, చిన్న సుత్తి మా ఆయన చేతిలో ఉంటున్నాయి. సమ్మెట బావగారు కొడతారు. యాభై దాటిన మనిషి, కాసేపటికే రొప్పుతారు. పని చాలినప్పుడు మా ఆయన దాగలి తట్టడు, గొంతెత్తి చాలని అరుస్తాడు. ఒక్కోరోజు ఆ మాట అనడు. ఇనుము ఎరుపు పోయి నల్లబడుతుంది, ఇక ఎంత కొట్టినా వంగదు, అయినా నోరు విప్పడు. బావగారూ అడగరు. తల వంచుకుని ఆ చల్లారిన ఇనుము మీద కొడుతూనే ఉంటారు. అప్పుడు నేను చక్రం వదిలేసి లేచి, ఇద్దరి దగ్గరకూ వెళ్లి చాలంటాను.