ఈలమ్మ వెనక్కి తీసిన బస్సు

మా పిన్నికి బస్సుల షెడ్డులో ఇంకో పేరుంది. ఈలమ్మ. మెడలో తాడుకి ఎప్పుడూ వేలాడే ఇనుప ఈల తెచ్చిపెట్టిన పేరు. అసలు పేరు జీతం రోజున తప్ప ఎవరికీ గుర్తు రాదు.

జిల్లాలోని సర్కారు బడులన్నిటికీ పిల్లల్ని చేరవేసే బస్సులు ఆ షెడ్డు నుంచే బయలుదేరతాయి. బస్సుకి ఇద్దరు మనుషులు. ముందు సీట్లో డ్రైవరు, తలుపు పక్క మడత సీట్లో ఆయా. పిల్లల్ని ఎక్కించడం, దించడం, జుట్లు పట్టుకుంటే విడదీయడం, నిద్రపోతే లేపడం, వాంతి చేసుకుంటే కడగడం, బస్సు వెనక్కి తీసేటప్పుడు దిగి వెనక నిలబడి ఈల ఊదడం ఆయా పనులు. బస్సు నడపడం డ్రైవరు పని. జీతాల దగ్గరికి వచ్చేసరికి ఈ త్రాసు బోర్లా పడుతుంది. డ్రైవరుకి ఏడాది పొడుగునా జీతం, ఇంటిల్లిపాదికీ వైద్యం కార్డు, ఆఖర్న పింఛను. ఆయాకి బడి తెరిచిన రోజులకే జీతం. వేసవి సెలవులకి పిల్లలు ఎగిరి గంతేస్తుంటే పిన్ని మొహం వేలాడేసుకుని మా బాబాయి దర్జీ కొట్లో గుండీలు కుట్టడానికి కూర్చునేది. సెలవులని కనిపెట్టినవాడికి ఆయాలు ఏం తింటారో తెలిసుండదు.

ఇవన్నీ నిజమే గానీ, పిన్ని అసలు మాట నాతో ఒకసారి చెప్పింది.

"ఆ స్టీరింగు చూశావూ? మా వంటింట్లో ఏ మూతకీ అంత వెడల్పు లేదు. దాన్ని రెండు చేతులా ఒక్కసారి గిర్రున తిప్పాలిరా. ఆ తర్వాత ఏమైనా కానీ."

ఆమె బస్సు డ్రైవరుని అందరూ బ్రేకుల మామ అంటారు. రోడ్డు మీద కాకి వాలినా బ్రేకు వేస్తాడని ఆ పేరు. పిన్ని షెడ్డులో చేరిన నాటి నుంచీ ఆయన బస్సులోనే ఉంది. "నీ ఈల నా చెవిలో కాపురం పెట్టిందమ్మాయ్, పిల్లాపాపల్ని కూడా కంటోంది" అని రోజూ విసుక్కునేవాడు. ఆ ఈల వినపడందే మాత్రం బస్సుని వెనక్కి కదిలించేవాడు కాదు. వెనక మనిషి లేకుండా షెడ్డు బస్సు ఏదీ వెనక్కి పోకూడదని అక్కడ నియమం.

ఆ మామ రిటైరవుతున్నాడని తెలిసిన రోజే పిన్ని కళ్లల్లో ఏదో వెలిగింది. ఉద్యోగుల నియమాల పుస్తకం ఒకటి ఇంట్లో ఉంది. చేరినప్పుడు చేతిలో పెడతారు, ఎవరూ తెరవరు. నేను తెరిచాను. ఇలాంటి పుస్తకాల్లో చేయకూడనివన్నీ ముందు పేజీల్లో ఉంటాయి, దక్కవలసినవి మాత్రం వెనకెక్కడో నక్కి కూర్చుంటాయి. అక్కడ దొరికింది. ఖాళీ అయిన ఏ పోస్టయినా ముందు లోపలివాళ్లకే ఇవ్వాలి. శిక్షణ ఖర్చు ఆఫీసుది. నేర్చుకునే సమయం కూడా డ్యూటీ కిందికే వస్తుంది. లైసెన్సు పరీక్షకి మాత్రం ఒక్కసారే పంపుతారు. అది తప్పితే పోస్టు బయటివాళ్లకి పోతుంది.

చదివి వినిపిస్తే పిన్ని చేతిలోని గిన్నె కింద పెట్టేసింది. "మళ్లీ చదువు." మళ్లీ చదివాను. "డ్యూటీ కిందికే వస్తుందా? ఆ ముక్క ఇంకోసారి."

మర్నాడు ఇద్దరం మేనేజరు గదికి వెళ్లాం. ఆయన పుస్తకం అటూ ఇటూ తిప్పి, తన ఆఫీసులో ఇలాంటి వస్తువు ఉందా అన్నట్టు చూశాడు.

"రూలు ఉందమ్మా, కాదనను. కానీ ఉంది కదా అని అందరూ వాడేసుకుంటే ఎలా?"

"వాడకపోతే తుప్పు పడుతుంది సార్" అంది పిన్ని.

ఆయన ఇబ్బంది ఏమిటో గుమ్మం దాటగానే తెలిసింది. ఆయన బావమరిది అప్పటికే ఆ బస్సెక్కి, డ్రైవరు సీటు ముందుకీ వెనక్కీ జరిపి కాళ్ల కొలత చూసుకుంటున్నాడు. పెళ్లికి ముందే అత్తారింట్లో మంచం వేసుకున్నవాడిలా ఉన్నాడు.

అయినా రూలు రూలే. పిన్ని దరఖాస్తు పెట్టింది. సాయంత్రం ట్రిప్పు అయ్యాక, షెడ్డు వెనక ఖాళీ స్థలంలో మామ నేర్పడం మొదలెట్టాడు.

మొదటి రోజు పిన్ని సీట్లో కూర్చుంటే అద్దంలోంచి మాకు నుదురు మాత్రమే కనబడింది. బాబాయి ఆ రాత్రే సీటు మీద వేసుకోడానికి మెత్త కుట్టాడు. బడి పిల్లల నిక్కర్ల ముక్కలు, చొక్కాల ముక్కలు అతికి, లోపల గట్టిగా పీలికలు కూరి తెచ్చాడు.

"ఇన్నేళ్లూ నన్ను తోసుకొచ్చావు, దీనికైతే ఇంజనుంది. నాకంటే తేలికే" అన్నాడు.

"దానికి ఎదురు మాట్లాడే నోరు కూడా లేదు" అంది పిన్ని మెత్త మీద సర్దుకుంటూ.

ఆ స్టీరింగుని మొదటిసారి పూర్తిగా తిప్పినప్పుడు ఆమె మొహం చూడాలి. ఎందుకు నవ్వుతోందో మాకు తెలీదు, ఆమెకీ తెలీదు. మామ పక్కనుంచి "అమ్మాయ్, రోడ్డు వైపు చూసి నవ్వు" అని గొణిగాడు. వారం తిరిగేసరికి గేర్లు ఆమె మాట వినడం మొదలెట్టాయి. మలుపులు తిరిగింది, గీత మీద ఆపింది, ఎత్తు మీద జారకుండా ఎక్కించింది. వెనక్కి తీసేటప్పుడు మామ దిగి వెనక నిలబడేవాడు. ఆయనకి ఈల ఊదడం రాదు. నోట్లోంచి గాలి వచ్చేది, గాలితో ఇంకేదో వచ్చేది, మోత మాత్రం వచ్చేది కాదు. అందుకని చప్పట్లు కొట్టేవాడు. ఆ చప్పట్లకి పిన్ని చక్కగా వెనక్కి తెచ్చేది. షెడ్డు పద్ధతే అంత కాబట్టి అందులో మాకు ఏ లోపమూ కనబడలేదు. అక్కడే బోల్తా పడ్డాం.

పరీక్ష రోజున బాబాయి కొట్టు మూసేశాడు. లైసెన్సు ఆఫీసు వెనక మైదానంలో తాడు కట్టి ఉంది. తాడు ఇవతల రేకుల నీడన బెంచీ. దాని మీద మామ, బాబాయి, నేను. అవతలి చివర మేనేజరు బావమరిది. "ఊరికే, చూసిపోదామని" అన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

పరీక్ష చేసే అధికారిణి సన్నగా, పొడుగ్గా, అట్టకి బిగించిన కాగితంతో వచ్చింది. నవ్వు ఇంటి దగ్గర మరిచిపోయి వచ్చిన మనిషి. మామ షెడ్డు నుంచి నడిపి తెచ్చిన బస్సుని ఆమె, పిన్ని ఇద్దరే ఎక్కారు. మెత్త కూడా ఎక్కింది.

బస్సు కదిలింది. బాబాయి నా మోచెయ్యి పట్టుకున్నాడు. మలుపు దగ్గర రబ్బరు దిమ్మెల మధ్యనుంచి బస్సు నీళ్లలో చేపలా జారిపోయింది. ఎత్తు మీద ఆగింది, మళ్లీ కదిలింది, అంగుళం వెనక్కి జారలేదు. గీత మీద ఆపమంటే గీతని ముద్దు పెట్టుకున్నట్టు ఆపింది. మామ తొడ చరుచుకున్నాడు, తనదనుకుని బాబాయి తొడ కూడా చరిచాడు. ఇక మిగిలింది ఒక్కటే. దిమ్మెల మధ్యనుంచి వెనక్కి తెచ్చి, నేల మీద సున్నంతో గీసిన గడిలో నిలబెట్టడం.

అధికారిణి ఏదో చెప్పింది. పిన్ని తల ఊపింది. ఇంజను ఆగిపోయింది.

"ఆపిందేంటి?" అన్నాడు బాబాయి.

తలుపు తెరుచుకుంది. పిన్ని దిగింది. గబగబా బస్సు వెనక్కి నడిచింది. గడి పక్కన, అద్దంలో కనబడే చోట నిలబడి, ఎడం చెయ్యి పైకెత్తి, ఈల నోట్లో పెట్టుకుని రెండు పొట్టి ఈలలు వేసింది.

"రానీ, రానీ."

బస్సు రాలేదు. రావడానికి అందులో ఎవరున్నారు? పిన్ని విసుగ్గా ఇంకోసారి ఊదింది. "రానీ మామా, బోలెడు చోటుంది."

బెంచీ మీద మామ నెత్తి పట్టుకున్నాడు. బస్సు కిటికీలోంచి అధికారిణి తల బయటికి వచ్చింది.

"ఎవర్ని రమ్మంటున్నారమ్మా?"

అప్పుడు తెలిసింది పిన్నికి. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. మొహంలో రంగు దిగిపోవడం తాడు ఇవతలికి కూడా కనబడింది. బావమరిది పడీ పడీ నవ్వాడు, నవ్వుతూనే ఫోను తీశాడు. "బావా, సీటు మనదే. ఆవిడ దిగిపోయింది. అవును, బస్సులోంచి. తనే దిగి తననే పిలుచుకుంటోంది."

మేం ముగ్గురం తాడు దాకా పరిగెత్తాం. అధికారిణి దిగి పిన్ని ముందు నిలబడింది.

"తాళంచెవి ఎక్కడ?"

పిన్ని గుప్పిట విప్పింది. తాళంచెవి అందులోనే ఉంది. అధికారిణి మళ్లీ బస్సెక్కి చెయ్యి బ్రేకు చూసి వచ్చింది. కాగితం మీద ఏదో రాసింది. ఆ కలం ఎంతసేపు కదిలిందో, బాబాయి నా మోచేతిని అంతసేపు పిండాడు.

"వెనక్కి తీసేముందు దిగి వెనక ఏముందో చూసుకోవచ్చు. బండి ఆపి, బ్రేకు వేసి, తాళం చేతిలో పట్టుకుని దిగాలి. మీరు అలాగే దిగారు. కాకపోతే అది ఒక్కసారే. ఇంకోసారి దిగితే అటునుంచి అటే ఇంటికి."

"అంటే ఇంకా ఉందా మేడమ్?"

"ఎక్కండి."

"మరి వెనక ఎవరు..."

"ఎవరూ ఉండరు. అద్దాలున్నాయి కదా."

మామ తాడు కిందనుంచి సగం దూరాడు. "నేనుంటానండి. చప్పట్లు కొడతాను."

"మీరు బెంచీ మీద కూర్చుని కొట్టుకోండి" అంది ఆమె.

మేం మళ్లీ బెంచీ మీదికి చేరాం. పిన్ని, ఆమె వెనకే అధికారిణి బస్సెక్కారు. ఇంజను మోగింది. వెనక తెల్ల దీపం వెలిగింది. బస్సు మాత్రం కదల్లేదు. అద్దంలో పిన్ని మొహం కనబడుతోంది, కళ్లు గడి వైపే ఉన్నాయి. ఆమెకి గడి తెలుసు, దిమ్మెలు తెలుసు, ఇప్పుడే చూసి వచ్చింది. అయినా కాలు లేవడం లేదు. వెనక ఈల మోగకుండా బస్సు కదలకూడదని ఇన్నేళ్లూ తనే కాపలా కాసిన మనిషి. నాలో నేను "కదులు పిన్నీ, కదులు" అనుకుంటున్నాను. బావమరిది ఫోను చెవికి ఆనించుకునే ఉన్నాడు, "ఆగు బావా, చెప్తా" అంటున్నాడు.

బస్సులోంచి ఈల మోగింది.

రెండు పొట్టి ఈలలు. బస్సు కదిలింది. మళ్లీ రెండు, ఇంకాస్త వెనక్కి. స్టీరింగు తిరుగుతోంది, రెండు చేతులా. పిన్ని పళ్ల మధ్య ఈల, బుగ్గలు పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. పక్కన అధికారిణి చెవి మూసుకుని, రెండో చేత్తో అట్ట పట్టుకుని ఉంది. కుడివైపు దిమ్మెకి జానెడు దూరంలో వెనక చక్రం పోయింది. బాబాయి కళ్లు మూసుకున్నాడు. పొట్టి ఈలలు దగ్గరయ్యాయి, ఇంకా దగ్గరయ్యాయి, అప్పుడు ఒక్క పొడుగాటి ఈల, రేకుల కప్పు అదిరేలా.

బస్సు ఆగింది. గడిలో ఉంది, నిటారుగా. ఒక్క దిమ్మె పడలేదు.

నేను అరుద్దామని మామ వైపు తిరిగాను. మామ బెంచీ మీద బిగుసుకుపోయి ఉన్నాడు. కుడికాలు ముందుకి చాచి, చెప్పుతో నేలని గట్టిగా తొక్కి పట్టాడు.

"మామా, కాలు తియ్" అన్నాను.

"ఆగరా. బస్సు పూర్తిగా ఆగిందో లేదో" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ.

అధికారిణి చెవి రుద్దుకుంటూ దిగింది. బావమరిది ఎదురెళ్లాడు. "మేడమ్, ఈల ఊదుతూ నడపొచ్చా? అది రూలేనా?"

"ఊదకూడదని నా దగ్గర ఎక్కడా లేదు" అని కాగితం చించి పిన్ని చేతిలో పెట్టింది. "దిగి పిలిచినందుకు కొన్ని మార్కులు పోయాయి. అయినా పాసే. దూది తెచ్చుకోవలసింది నేను." అప్పుడు నవ్వింది, ఇంట్లో మరిచిపోలేదు పాపం.

పిన్ని ఆ కాగితం నాకిచ్చి "చదువు" అంది. చదివాను. "మళ్లీ చదువు." అటు బావమరిది ఫోనులో "లేదు బావా... లేదు... ఈల వల్ల" అంటూ గేటు దాకా నడిచాడు.

షెడ్డుకి తిరిగి వెళ్లేటప్పుడు బస్సు పిన్నే నడిపింది. మామ తలుపు పక్క మడత సీట్లో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని ఇరుక్కున్నాడు. "ఇంత చిన్నదా ఈ సీటు? ఎప్పుడూ చెప్పలేదేం అమ్మాయ్?" అన్నాడు.

"ఈల తప్ప నా మాట ఎప్పుడు విన్నావు మామా?" అంది పిన్ని రోడ్డు వైపు చూస్తూ.

బాబాయి వెనక సీటునుంచి తొంగిచూశాడు. అప్పటిదాకా ఏదో లెక్క వేసుకుంటున్నట్టున్నాడు.

"అన్నట్టు, ఈ వేసవికి గుండీలెవరు కుడతారే?"

"నాకు సెలవుల్లో కూడా జీతం వస్తుందయ్యా ఇప్పుడు. కుట్టించుకోవాలంటే బతిమాలుకో" అని, ఎదురుగా మలుపు రాగానే పిన్ని స్టీరింగుని రెండు చేతులా గిర్రున తిప్పింది.