మా ఆయన కట్టిన మెట్లు

మన్సూరాబాద్‌లో మా కాలనీ చివర ఒక గుట్ట ఉంది. పైన పార్కు చేశారు. ఆ పార్కుకు ఎక్కే మెట్లు కట్టింది మా ఆయన. నల్గొండ దిక్కు పల్లె నుంచి తాపీ ఒకటి సంచిలో వేసుకుని వచ్చిన మేస్త్రీ. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఎన్ని ఇళ్లకు గోడలు లేపాడో ఆయనకే గుర్తు లేదు. మేమున్నది మాత్రం కిరాయి ఇల్లే. మేస్త్రీని చేసుకుంటే సొంత గోడ ఉండదే అని మా అమ్మ ముందే అంది, నేనే వినలేదు.

మెట్ల పని పూర్తయిన రోజు నన్ను తీసుకుపోయి చూపించాడు. మొదటి మెట్టుకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టి ఉంది. కింద గేటు దగ్గర ఇనుప పైపులు వంకరటింకరగా పాతారు. మనిషి ఒళ్లు మెలి తిప్పుకుంటూ దూరాలి. నేను మొదటి నుంచీ కొంచెం లావు మనిషిని, నాకు కోపం వచ్చింది.

“గిదేందయ్యా, గింత ఇరుకు? మనుషులు పోవాల్నా వద్దా?”

“బండ్లు రావద్దని పెట్టిన,” అన్నాడు. “కాలనీ పెద్దమనుషులు పక్కకు వాలుగ దారి పొయ్యమన్నరు. నేనే వద్దన్న. వాలు పోస్తే పోరగాళ్లు బైకులేసుకొని గుట్టమీదికే ఎక్కుతరు. గీ పైపుల ఉపాయం నాదే.”

ఎంత సంబరమో ఆ ముఖంలో. మెట్టు మెట్టుకూ ఆగి, అరచేత్తో రాయి తట్టి చూపించాడు. పైన గాలి బాగుండేది. ఎల్బీనగర్ మెట్రో లైను, ఇటు చెరువు, ఇళ్ల మీద ఇళ్లు, ఎక్కడో ఇంకా మిగిలిన ఒక చెలక కనబడేవి. ఆ ఏటి దసరాకు పాలపిట్టను అక్కడే చూశాం. ఊళ్లో అయితే దసరా నాడు పొద్దు వాలేవేళకు అందరం చేన్ల దిక్కు పోయేవాళ్లం. పాలపిట్ట కంటబడితేనే పండుగ. పట్నంలో చేన్లు ఎక్కడివి? ఈ గుట్టే మాకు చేను అయింది. ఏటా కొత్త బట్టలు కట్టుకుని ఎక్కేవాళ్లం.

తర్వాత మూసారాంబాగ్‌లో ఒక ఇంటి పని మీద సెంట్రింగు చెక్క జారి, మా ఆయన రెండో అంతస్తు నుంచి కింద పడ్డాడు. ప్రాణం పోలేదు. నడుం కింద మాత్రం ఏమీ మిగల్లేదు. దవాఖానలో డాక్టరు కాళ్లకు సూది గుచ్చి “తెలుస్తుందా?” అని అడిగాడు. ఈయన నా ముఖం చూశాడు, తెలియాలా వద్దా అన్నట్టు. ఆ చూపు నేను ఈ జన్మకు మర్చిపోను.

ఎవరో దాతలు ఇచ్చిన చక్రాల కుర్చీ వచ్చింది. కుర్చీ వచ్చాక తెలిసింది నాకు, ఈ పట్నమంతా మెట్లే అని. మా ఇంటి గడపే మొదటి అడ్డం. ఇంటి ఓనరమ్మ గుంటూరు దిక్కు మనిషి, చెడ్డదేం కాదు. గడప చెక్కిద్దామంటే, “అయ్యో, గడప తీసేస్తారా ఏంటి? ఇంటికి అరిష్టం కదమ్మా,” అంది. అరిష్టం మా ఇంట్లో కుర్చీ వేసుకుని కూర్చుందని నోటిదాకా వచ్చింది, మింగాను. రెండు పక్కలా చెక్కలు వేసి దాటించడం నేర్చుకున్నాను. మా వీధిలో ఫుట్‌పాత్ ఉంది, లేదనను. దాని మీద టిఫిన్ బండి, ట్రాన్స్‌ఫార్మరు, నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ, నిలబెట్టిన బైకులు ఉంటాయి. కుర్చీ ఒక్కటే పట్టదు.

మా బిడ్డ చైతన్యపురిలో ఒక కోచింగ్ సెంటర్‌లో ఫోన్లు ఎత్తే కొలువు చేస్తుంది. నాన్న రోజంతా గోడ చూస్తూ కూర్చుంటున్నాడని, ఒక ఆదివారం టీవీలో ఏదో వీడియో పెట్టింది. ఇంగ్లండ్ గుట్టలు. ఎటు చూసినా పచ్చగడ్డి, గొర్రెలు, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు. ఆ గుట్టల మీద నడిచే దారులు చూపిస్తున్నారు. కర్ర పట్టుకున్న పండు ముసలమ్మ పోతోంది. చంటిపిల్లను తోపుడుబండిలో పెట్టుకుని ఒక తల్లి పోతోంది. వాళ్ల వెనక ఒకాయన చక్రాల కుర్చీలో, తన చేతులతో తానే తోసుకుంటూ గుట్ట ఎక్కుతున్నాడు.

మా ఆయన ముందుకు వంగాడు. “ఏం రాసిండ్రు బిడ్డా దానిమీద?”

“అందరికీ నడవనొచ్చే దారులు అని రాసిండ్రు నానా.”

“గాయిన నడుస్తలేడు గదా?”

“అయినా నడకనే అంటరు.”

ఆ మాట ఆయనకు ఎంత నచ్చిందో! ఆ రోజు మొదలు మధ్యాహ్నం అన్నం తినగానే అదే వీడియో. నాకు విసుగొచ్చేది. ఇంట్లో పప్పు లేదు, టీవీలో లండన్. ఆయనకు ఇంగ్లండ్ అంతా లండనే. ఆయన చూసేది కొండలను కాదు, వాలును. గోడలను, గేట్లను. “చూడవే, ఎంత సన్నగ లేపిండ్రో. దమ్ము రాకుండ మలుపు తిప్పిండ్రు,” అనేవాడు. గేటు వచ్చే చోట ఆపమని, ముందుకూ వెనక్కూ తిప్పించి చూసేవాడు. ఒకసారి గేటు మీదే వీడియో ఆపించాడు. తర్వాత అన్నాడు:

“లండన్ల గూడ బైకులు ఉంటయి గదా?”

“ఉండవా మరి.”

“అయితే గేటు ఎందుకు ఇరుకు చెయ్యలే?”

ఆయన ఏం తలుచుకుంటున్నాడో నాకు తెలుసు.

దసరా దగ్గర పడ్డాక మొదలుపెట్టాడు. గుట్ట ఎక్కాలి, పాలపిట్టను చూడాలి. పోయిన ఏడు చూడలేదు, ఆ ముందటేడు దవాఖానలో ఉన్నాడు. చూడనందుకే ఇంకా ఇట్లానే ఉన్నాననే నమ్మకం పాతుకుపోయింది మనిషికి. పిచ్చి మాటలని కసిరాను గానీ, పండుగ నాడు తల స్నానం చేయించి, కొత్త లుంగీ, తెల్లచొక్కా తొడిగి నేనూ మా బిడ్డా కుర్చీ తోసుకుంటూ బయలుదేరాం. మా మరిది కూడా మాతో వచ్చాడు, ఆయన తమ్ముడే, అతనూ మేస్త్రీయే.

మూల మలుపులో ఒకడు పంజరంలో పాలపిట్టను పెట్టుకుని నిలబడ్డాడు. జనం చుట్టూ మూగి, దండం పెట్టి, వాడి చేతిలో ఇంత పెట్టి పోతున్నారు. పిట్ట రెక్కలు దారంతో కట్టేసి ఉన్నాయి. “ఇగో నానా, ఈడ్నే ఉన్నది,” అంది మా బిడ్డ, పాపం పని తేలికవుతుందని. మా ఆయన ముఖం అవతలికి తిప్పుకున్నాడు. “నడువుండ్రి,” అన్నాడు. “గట్ల కట్టేసినదాన్ని చూస్తే మంచి జరుగుతదానే?”

గుట్ట కిందికి చేరేసరికి చెమటకు బట్టలు తడిసిపోయాయి. ముందు పైపులు. కుర్చీ అడ్డంగా పెట్టినా నిలువుగా పెట్టినా దూరలేదు. ఎట్లా దూరుతుంది, బైకే దూరవద్దని ఆయనే కొలిచి పాతాడు కదా. దాని వెనక మెట్లు, మోకాలెత్తువి. రాయి ఒక్కటి కూడా కదలలేదు. ఆయన పని అట్లాంటిది.

కాలనీ జనమంతా పట్టుచీరల్లో, కొత్త ప్యాంట్లలో మమ్మల్ని దాటుకుని ఎక్కుతున్నారు. మా మరిది ఇంకో ముగ్గుర్ని పిలిచాడు. “అన్నా, ఫికర్ జెయ్యకు. నలుగురం తలా ఒక దిక్కు పడ్తం. పైపుల మీదికెళ్లి లేపి మెల్లగ ఎక్కిస్తం.”

మా ఆయన కుర్చీ చక్రాలను రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు. “వద్దు.”

“ఏమైతది అన్నా?”

“నలుగురు మోసేది మనిషిని ఒక్కపారే, తమ్మీ. ఇప్పుడే తొందరేమున్నది?”

నవ్వుతూనే అన్నాడు. వాళ్లూ నవ్వారు. నవ్వు అయిపోయాక ఆయన కళ్లు నిండి నీళ్లు చెంపల మీదికి కారాయి, తుడుచుకోవడానికి కూడా చక్రాలు వదల్లేదు. నేను మళ్లీ చెప్పి చూశాను, బతిమాలాను, తిట్టాను. వినలేదు. ఎక్కితే నా అంతట నేను ఎక్కాలి, లేకుంటే లేదన్నాడు. నన్ను పోయి చూసి రమ్మన్నాడు. “నువ్వు లేంది నేనేం చూస్త? నాకేం అక్కరపడ్డది?” అని పక్కనే నేల మీద కూర్చున్నాను. నాకు ఆయన మీద కోపం, మెట్ల మీద కోపం, పట్టుచీరలు కట్టుకుని ఎక్కే ప్రతి ఒక్కరి మీదా కోపం.

మా బిడ్డ ఎక్కి, ఫోన్‌లో తీసుకొచ్చింది. తీగ మీద కూర్చున్న పాలపిట్ట, ఎగిరినప్పుడు రెక్కల నీలం. ఆయన ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూశాడు. “మంచిగున్నది,” అన్నాడు. “గిది గూడ లండన్ లెక్కనే అయింది.”

దిగివచ్చిన వాళ్లు జమ్మి ఆకు చేతిలో పెట్టి, వంగి కావలించుకుని అలాయ్ బలాయ్ చేసుకున్నారు. ఆయన అందరికీ నవ్వుతూ జమ్మి పెట్టాడు. ఆ రాత్రి అన్నం తినలేదు.

మర్నాటి నుంచి ఇంకో పట్టు పట్టాడు. వచ్చే దసరాకు మెట్ల పక్కన వాలు ఉండాలి. తమ్ముడితో కుర్చీ తోయించుకుని గుట్ట కిందికి పోయి, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ తిప్పాలి, ఏ రాయి కొట్టాలి అని చాక్‌పీసుతో అక్కడి ప్రహరీ గోడ మీద గీశాడు. చాలా రోజులకు ఆయన గొంతులో పనివాళ్ల మీద అరిచే పాత గొంతు విన్నాను. పని మేమే చేస్తాం, సామాను ఇప్పించండి చాలని కాలనీ అధ్యక్షుడి దగ్గరికి పోయారు. అధ్యక్షుడిది ఇక్కడి పాత ఊరే. ఒకప్పుడు ఆ గుట్ట కింద వాళ్లకు పొలం ఉండేది, ఇప్పుడు ప్లాట్ల వ్యాపారం. చాయ్ ఇప్పించి మర్యాదగానే మాట్లాడాడు.

“ఒక్కని కోసం ర్యాంపు అంటే ఎట్ల మేస్త్రీ? రేపు బైకులు ఎక్కుతయి. అయినా నువ్వే గదనే అప్పుడు వద్దన్నవు?”

మా ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి, కుర్చీ తిప్పమని తమ్ముడికి చెప్పాడు. ఇంటికి వచ్చాక టీవీ పెట్టనా అంటే వద్దన్నాడు. నేను మాత్రం నాలుగు సార్లు పోయి ఆ ఇంటి ముందు నిలబడ్డాను. “చూద్దాం చెల్లె, బడ్జెట్ రానీ,” అనేవాడు. “ఎవరికి కాళ్లు ఎన్నాళ్లుంటయో ఎవరికెరుక?” అని నేను అన్నందుకు శాపం పెడుతున్నానని వాళ్లింట్లోవాళ్లు తలుపు వేసుకున్నారు. శాపం కాదు, ఉన్న మాటే అన్నాను. శాపమైనా నాకు బాధ లేదు.

ఎండాకాలంలో నడుం కింద పుండ్లు పడ్డాయి. కూర్చుని కూర్చుని పడే పుండ్లు. కడిగాను, పౌడరు వేశాను, పక్కకు తిప్పి పడుకోబెట్టాను. కుర్చీలో కూర్చోవద్దన్నారు డాక్టర్లు, దాంతో ఆ గుమ్మం దాటడం కూడా పోయింది. వానలు మొదలయ్యాక జ్వరం పట్టుకుంది, దవాఖానలో చేర్పించాం. ప్రాణం పోయే ముందు రోజు గోడ మీది గీతలు వానకు పోయి ఉంటాయా అని అడిగాడు. చాక్‌పీసు గీతలు వానకు ఉంటాయా? ఉన్నాయన్నాను.

మాలో ఆడవాళ్లం కూడా శ్మశానం దాకా పోతాం. కాలనీవాళ్లు చాలామంది వచ్చారు, అబద్ధం ఎందుకు చెప్పాలి. పాడె మోసిన నలుగురిలో అధ్యక్షుడు కూడా ఉన్నాడు. చావుకు భుజం పడితే పుణ్యం కదా. ముందు మా మరిది నిప్పు కుండ పట్టుకుని నడిచాడు. దారి మధ్యలో దింపుడు కల్లం దగ్గర పాడె దించి, మా మరిది చెవిలో మూడుసార్లు “అన్నా” అని పిలిచాడు. పలికితే బాగుండునని అంతమందిలో నిజంగా అనుకున్నది నేనొక్కదాన్నే అయి ఉంటాను. మళ్లీ ఎత్తుకున్నారు.

ఈ మధ్యే బాగుచేసిన శ్మశానం. లారీ పట్టేంత గేటు పెట్టారు. లోపల చితి దిమ్మె దగ్గరికి ఎక్కడానికి మెట్లు. ఆ మెట్ల పక్కన, నున్నగా, సన్నగా లేచి, దమ్ము రాకుండా మలుపు తిరిగి, పక్కన పట్టుకోను కడ్డీతో ఒక వాలు.

నేను అక్కడే ఆగిపోయాను. వాళ్లు అలవాటుగా మెట్ల మీద కాలు పెట్టారు. ముందున్న ఇద్దరూ రెండు మెట్లు ఎక్కేశారు.

“ఆగుండ్రి!” అని అరిచాను. “దిగుండ్రి కిందికి! గా పక్కకెళ్లి తీస్కపోండ్రి!”

“వదినె, పాడె ఎనుకకు తిప్పొద్దే,” అన్నాడు మా మరిది.

“తిప్పుతె ఏమైతది? ఇంక ఏమన్న మిగిలిందా అయ్యేందుకు? ఒక్కపారన్న గా దారిల పోనియ్యుండ్రి ఆయనను!”

డప్పు ఆగిపోయింది. అందరూ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. మా మరిది ఆ వాలును పైనుంచి కిందిదాకా చూశాడు, మేస్త్రీ కళ్లు కదా. కుండ పట్టుకునే మెట్లు దిగి, వాలు మొదట్లో నిలబడి, “రాండ్రి,” అన్నాడు. వాళ్లు వెనక్కి దిగారు. ఆ వాలు మీద పాడె ఒక్కసారి కూడా ఒరగలేదు. నేను కడ్డీ పట్టుకుని వెనకే ఎక్కాను.

పైన పాడె దించి, అధ్యక్షుడు కండువాతో చెమట తుడుచుకున్నాడు.

“ఏమన్న గని, మెట్ల కంటె గిదే సుఖమున్నది,” అన్నాడు పక్కవాడితో.

“అవునయ్యా,” అన్నాను. “మా ఆయన గూడ నీకు గదే చెప్పిండు.”