ఇంజిన్ మూట కట్టిన రోజు

ఆ రోజుల్లో అని మొదలుపెట్టే వయసు నాకింకా రాలేదేమో. మా అమ్మాయికి నాలుగేళ్ళు. నేను చెప్పబోయేది అది కడుపులో ఉన్నప్పటి సంగతి. అయినా అప్పటి నన్ను తలుచుకుంటే ఎవరో దూరపు బంధువుల పిల్లను తలుచుకున్నట్టుంటుంది. ఆ పిల్లకు అన్నీ తెలుసు. తెలియనివి ఏమైనా మిగిలితే పుస్తకంలో ఉంటాయని తెలుసు. భయాలు మాత్రం అప్పుడూ ఇన్నే ఉండేవి, ఇప్పుడు వాటికి ఒక కేంద్రం దొరికిందంతే. దాన్ని నిద్రపుచ్చి, దుప్పటి ముక్కు మీదికి జరిగిందేమోనని మూడుసార్లు చూసి వచ్చి, ఇది రాయడానికి కూర్చున్నాను (ఈ వాక్యానికి ముందు నాలుగోసారి కూడా చూశాను).

మాది విజయనగరం. మా ఇంట్లో చేప అంటే ఆదివారం పూట నాన్న సంచీలో, అప్పటికే శుభ్రమై, ముక్కలై వచ్చేది. అలాంటి నేను పీజీ చదివి, శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే ఉద్యోగంలో చేరిన ఏడాదికే పెళ్ళై కళింగపట్నం వచ్చాను. అత్తవారిది ఎండుచేపల వ్యాపారం. అత్త ఒడ్డున పచ్చిచేప కొని ఎండబెడుతుంది. మా ఆయన ఆ గంపల్ని ఆమదాలవలస, విజయనగరం మార్కెట్లకు వేసి వస్తాడు. ఇంటి ముందు ఎప్పుడూ పట్టాలు పరిచి ఉంటాయి, వాటి నిండా నెత్తళ్ళనే సన్నచేపలు ఎండుతుంటాయి. ఆ వీధికి ఒక కట్టుబాటు ఉంది. మబ్బును ముందు ఎవరు చూస్తే వాళ్ళు కేకవెయ్యాలి. ఆ కేకను ఇల్లిల్లూ అందుకుని వీధి చివరిదాకా పంపాలి. కేక చెవిన పడ్డవాళ్ళు చేతిలో పని ఏదున్నా వదిలేసి, పట్టా నాలుగు మూలలూ కలిపి పట్టుకుని, మూటగా చూరు కిందికి లాగెయ్యాలి. ఆలోచించకూడదు. ఆలోచించే అలవాటున్న నేను మొదటి ఆరునెలల్లో రెండుసార్లు సరుకు తడిపేశాను (ఒకసారైతే అది నిజంగా వానిచ్చే మబ్బేనా కాదా అని ఆకాశాన్ని పరిశీలిస్తూ నిలబడ్డాను). సదూకున్న కోడలు మబ్బుని కూడా సదువుతున్నాదని అత్త వీధి మొత్తానికి చెప్పింది.

ఇక కారు. నాకు నెల తప్పిందని తెలిసిన వారంలోనే మా ఆయన ఒక పాత కారు కొనుక్కొచ్చాడు. కడుపుతో ఉన్నదాన్ని బండి మీద ఆ గోతుల్లో తిప్పలేనన్నాడు. ఎంత ప్రేమో అని మురిసిపోయాను (వెనక సీటు మడిస్తే ఆరు గంపలు పడతాయని మర్నాడే కనిపెట్టాడు). నాకు ఆరో నెల వచ్చేసరికి కారు నీలం పొగ వదలడం మొదలుపెట్టింది. ఆసుపత్రి ఉన్నది శ్రీకాకుళంలో. దారిలో ఒక చిన్న వంతెన ఎక్కడానికి కారు నాకంటే ఎక్కువ ఆయాసపడేది. ఆమదాలవలసలో షెడ్డు మేస్త్రి బానెట్ ఎత్తి, కాసేపు విని, ఇంజిన్ లోపల అరిగి బోరుకొచ్చిందనీ, మొత్తం దింపి విప్పాల్సిందేననీ, రెండు మూడు వారాలు బండి తన దగ్గర వదిలెయ్యాలనీ చెప్పాడు. పురిటికి ఇంకా మూడు నెలలుంది. వదిలేస్తే సరిపోయేది. కానీ మా అత్తవారి వైపు ఎవరూ ఇంజిన్ని పరాయిచోట వదలరు. పడవ మోటారు పాడైతే ఇంటి ముందు ఇసుకలోనే, ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని చూస్తుండగానే విప్పాలి. “మన ఇంజిను మన కళ్ళ ముందల ఇప్పాల. సాటున ఇప్పితే ఆడు ఏటి తీసేడో, ఏటి పెట్టేడో,” అంటుంది అత్త. పైగా ఆమె తమ్ముడే ఆ చుట్టుపక్కల పడవ మోటార్లన్నిటికీ వైద్యుడు. ఊరంతా ఆయన్ను ఇంజిన్ మావ అంటారు.

ఇంజిన్ మావ వచ్చి కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. పొగగొట్టంలో వేలు పెట్టి మసి చూశాడు, వాసన కూడా చూశాడు. ఇంటి దగ్గరే, వాకిట్లోనే, నాలుగు రోజుల్లో పని అయిపోతుందన్నాడు. మా ఆయనకు ఆ మాట చాలు. ఇంజిన్ని వేలాడదియ్యడానికి వసారా దూలం కూడా చూసేశాడు (ఏమీ వేలాడకుండానే ఎప్పుడు నెత్తిన పడుతుందోనని నేను భయపడుతున్న దూలం అది). అయినా ఒక సందేహం మిగిలింది. ఆయన ఇన్నేళ్ళూ విప్పినవన్నీ పడవ మోటార్లే, కారు ఇంజిన్ ఒక్కటీ లేదు. ఆ సందేహం తీర్చే మనిషి కోసం ముగ్గురూ ఒకేసారి నా వైపు తిరిగారు. “నువ్వు రోజూ కాలేజీల ఇంజినే కదా సెప్తావు,” అన్నాడు మా ఆయన. “నువ్వే సెప్పు. ఇంటికాడ ఇప్పుదుమా, సెడ్డుకి పంపుదుమా?”

నిజమే, చెప్తాను. బోర్డు మీద సిలిండర్ గీస్తాను, అందులో పిస్టన్ గీస్తాను, వాయువు వ్యాకోచిస్తుందని చెప్పి పైకి ఒక బాణం గుర్తు వేస్తాను. ఆ బాణం మొన దగ్గర నా విజ్ఞానం ఆఖరు. బానెట్ ఎత్తితే కనిపించేవాటిలో నేను గుర్తుపట్టగలిగింది అద్దం కడిగే నీళ్ళ డబ్బా ఒక్కటే. ఆ మాట అప్పుడే చెప్పి ఉంటే ఇక్కడ రాయడానికేమీ ఉండేది కాదు. కానీ పెళ్ళైన ఏడాదిన్నరలో ఆ ఇంట్లో నాకూ ఒక పని వచ్చని వాళ్ళు ఒప్పుకోవడం అదే మొదటిసారి. చేప బేరమాడడం రాదు, ఉప్పు పాళ్ళు రావు, మబ్బు రాదు. ఇంజిన్ వచ్చంటున్నారు. ఎలా కాదంటాను? గొంతు సవరించుకుని, సూత్రం ప్రకారం పడవదైనా కారుదైనా రెండూ ఒకటేనన్నాను. ఇంజిన్ మావ గర్వంగా అక్క వైపు చూశాడు.

అన్నానే గానీ, ఆ తర్వాత పిల్ల తన్నిన ప్రతిసారీ నడిరోడ్డు మీద నీలం పొగలో ఆగిపోయిన కారూ, అందులో నొప్పులు పడుతున్న నేనూ కళ్ళకు కట్టసాగాం. అందుకని మర్నాడు ఒక షరతు పెట్టాను. సైన్సులో ఏదైనా ముందు ప్రయోగం చెయ్యాలి కాబట్టి, మావయ్య ఒక పడవ మోటారు నా ఎదుట మొత్తం విప్పి, మళ్ళీ బిగించి చూపించాలి. అది చూశాకే నా నిర్ణయం. ఇంజిన్ మావ మొహం చిన్నబోయింది. ఇన్నేళ్ళలో ఆయన్ను పరీక్షకు కూర్చోబెట్టినవాళ్ళు లేరు. కానీ తన సొంత పడవ మోటారు ఎలాగూ విప్పాల్సి ఉంది కాబట్టి, మార్కులేసుకో టీచరమ్మా అని ఒప్పుకున్నాడు.

ఆదివారం పొద్దున వాకిట్లో ఒకవైపు నెత్తళ్ళ పట్టా, పక్కనే మోటారు పట్టా పరిచారు. నేను ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్ళో నోట్‌బుక్కుతో, చేతిలో స్కేలుతో కూర్చున్నాను (స్కేలు ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు). ఆయన పద్ధతి ముచ్చటగా ఉంది. కాగితం లేదు, గుర్తు లేదు. తీసిన ప్రతి ముక్కనూ డీజిల్ గుడ్డతో తుడిచి, పట్టా ఈ కొస నుంచి ఆ కొసకు వరసగా పేర్చుకుంటూ పోతాడు. “ఇప్పినపుడు ఇటు నడుత్తాను. బిగించినపుడు అటు నడుత్తాను. అంతే ఇద్దె,” అన్నాడు. ఆ విద్యను నేనూ శ్రద్ధగా రాసుకున్నాను. నా నోట్సు ఇలా సాగింది: పైన గుండ్రటిది ఒకటి. దాని కింద ఇంకో గుండ్రటిది, కాస్త చిన్నది. పొడుగ్గా వంకరగా ఒకటి. గుండ్రటిది, మధ్యలో చిల్లు ఉంది. గుండ్రటిది, చిల్లు లేదు. తొమ్మిదో గుండ్రటిదాని దగ్గర ఆకలేసి ఉప్మా తినడానికి లోపలికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి మోటారు ఖాళీ అయింది, పట్టా నిండింది. మామా అల్లుళ్ళిద్దరూ టీకి బయల్దేరుతూ, ఇవి కాస్త చూస్తూ ఉండమన్నారు. చూస్తూనే ఉన్నాను.

అప్పుడు వీధి మొదట్లో కేక లేచింది. రెండో ఇల్లు అందుకుంది, మూడో ఇల్లు అందుకుంది, వెనక పెరట్లోంచి మా అత్త గొంతు అందుకుంది: “మబ్బట్టీసింది, బేగి తియ్యే!” ఈసారి నేను ఆకాశం వైపు చూడలేదు. ఏడాదిన్నర తిట్లు తిని నేర్చుకున్న చదువు ఒక్కసారిగా కాళ్ళలోకీ చేతుల్లోకీ వచ్చింది. ఆరునెలల కడుపుతో లేచాను, నెత్తళ్ళ పట్టా నాలుగు మూలలూ కలిపాను, చూరు కిందికి లాగాను. వెనక్కి వచ్చి రెండో పట్టా నాలుగు మూలలూ కలిపాను. అది ఘల్లుమంది. నెత్తళ్ళు ఘల్లుమనవని ఆ క్షణంలో నాకు తట్టలేదు. బరువుగా ఉంటే ఇంకా ఆరలేదు కాబోలనుకుని, దాన్నీ గలగలలాడించుకుంటూ ఈడ్చి చూరు కింద పడేసి, అత్త వస్తే చూపిద్దామని నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాను. అత్త వచ్చింది. మొదటి మూట చూసి మెచ్చుకోలుగా తల ఊపింది. రెండో మూట చూసి నా వైపు చూసింది. నేను మూట వైపు చూశాను. మబ్బు మా ఇంటి మీదుగా తీరిగ్గా సముద్రం మీదికి వెళ్ళిపోయింది. ఒక్క చుక్క పడలేదు.

ఇంజిన్ మావ వచ్చి చూశాడు. తిట్టలేదు. “బరువు ఈడ్సినావు, నీకేటీ అవనేదు కదా అమ్మీ?” అని మాత్రం అడిగాడు. (తిట్టి ఉంటే ఓర్చుకునేదాన్ని. ఆ మాటకు ఏడుపొచ్చింది.) తర్వాత మూట విప్పి దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, నా పుస్తకం తెమ్మన్నాడు. మా ఆయన దాన్ని పైకి చదివాడు. “గుండ్రటిది, మధ్యలో సిల్లు.” పట్టా మీద అలాంటివి పద్నాలుగు ఉన్నాయి. అత్త కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్ళిపోయింది.

బిగించడానికి మూడు రోజులు పట్టింది. ఆయన పట్టా వెంబడి అటూ నడిచాడు, ఇటూ నడిచాడు, ఒక్కో ముక్కనూ నాలుగు చోట్ల పెట్టి చూశాడు. మూడోరోజు సాయంత్రం తాడు లాగితే మోటారు దగ్గి, గుర్రుమని అందుకుంది. ఆగి చూస్తున్న వీధివాళ్ళంతా శభాష్ అన్నారు. మా ఆయన అప్పటికే పానా పట్టుకుని కారు వైపు నడుస్తున్నాడు. ప్రయోగం ఫలించింది, నేను పెట్టిన షరతు తీరింది. ఇక ఇంట్లోనే విప్పమని చెప్పడం తప్ప నాకు దారి లేదు. అప్పుడు ఇంజిన్ మావ నా కుర్చీ దగ్గరికి వచ్చి గొంతుక్కూర్చుని అరచెయ్యి తెరిచాడు. అందులో చిటికెన వేలి గోరంత స్ప్రింగు ఒకటి ఉంది.

“ఇది మిగిలిపోనాది. నిజం సెప్పు టీచరమ్మా, ఇదేటి?”

ఏదో ఒక పేరు నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. “తెలీదు మావయ్యా. ఇదొక్కటే కాదు, అందులో ఏదీ తెలీదు. నేను బొమ్మ గీస్తానంతే,” అన్నాను.

ఆయన పెద్దగా ఊపిరి వదిలాడు. మొహంలో కోపం లేదు, మోపు మోసి దించుకున్నవాడి మొహంలా ఉంది. “నాకూ తెల్దమ్మీ,” అన్నాడు. “కారు సంగతి అసలే తెల్దు. నీకు తెలుసు కదాని నాను దైర్యం సేసినాను.”

ఆయనకు తెలుసని నేనూ, నాకు తెలుసని ఆయనా. మధ్యలో ఇంజిన్ని నమ్ముకుని నా పురుడు. ఒకరినొకరు చూసుకుని నవ్వడం మొదలుపెడితే ఆగలేదు. పిల్ల కూడా లోపల కదిలింది. కాసేపటికి ఆయన కళ్ళు తుడుచుకుని, మా ఆయన వైపు తిరిగి, “ఒరే అల్లుడా, ఆ పానా కింద పెట్టీ,” అన్నాడు. “పడవ నీటి మీద ఆగిపోతే తెడ్డేసుకొని వచ్చీగలం. ఈ పిల్లకి నొప్పులొచ్చినపుడు కారు రోడ్డు మీద ఆగిపోతే, దేనితో తెడ్డేత్తావు?” మా ఆయన పానా కింద పెట్టాడు. అప్పుడు నేను నా నిర్ణయం చెప్పాను. ఇక ఎవరికీ అక్కర్లేకపోయినా, ప్రయోగం నాది కాబట్టి చెప్పాను: షెడ్డుకే.

కారు మర్నాడే ఆమదాలవలస వెళ్ళింది, దానితో పాటు అత్త కూడా. మన ఇంజిన్ విప్పేటప్పుడు మనవాళ్ళెవరో ఒకరు ఎదురుగా ఉండాలి కదా. రోజూ పొద్దున్నే బస్సెక్కి, క్యారేజీతో వెళ్ళి, షెడ్డులో స్టూలు మీద కూర్చుని, మేస్త్రి తీసిన ప్రతి ముక్కనూ ఎగాదిగా చూసేది. ఆయన ముక్కల్ని వేరువేరు డబ్బాల్లో వేసి మీద నంబర్లు రాసుకోవడం ఆమెకు బాగా నచ్చింది. ఇలాగైతే తన కోడలు వచ్చి మూటగట్టినా ఏమీ కాదని మేస్త్రిని మెచ్చుకుందట. ఆయన రెండు రోజులు ఇబ్బందిపడి, మూడోరోజు నుంచి నెత్తళ్ళు తెప్పించుకోవడం మొదలుపెట్టాడు. పని రెండు వారాలు కూడా పట్టకుండా అయిపోవడం ఆ స్టూలు మహిమేనని నా నమ్మకం.

నొప్పులొచ్చిన మధ్యాహ్నం, శ్రీకాకుళం దారంతా నేను నా సంగతి మర్చిపోయి ఇంజిన్ చప్పుడే విన్నాను. వంతెన వచ్చింది. కారు మూలగలేదు, నేనే మూలిగాను. వెనక్కి తిరిగి చూస్తే పొగ లేదు, దుమ్మే. సాయంత్రానికి అమ్మాయి పుట్టింది. చూడవచ్చిన ఇంజిన్ మావ దాని చేతులూ, కాళ్ళూ, వేళ్ళూ ఒక్కొక్కటే చూసి, “అన్నీ బిగింపుగున్నాయి. ఏదీ మిగిలిపోనేదు,” అన్నాడు.

ఆ స్ప్రింగు ఇప్పుడు నా పెన్నుల డబ్బాలో ఉంది. మావయ్య మోటారు అది లేకుండానే రోజూ వేటకు వెళ్ళొస్తోంది. ఈమధ్య క్లాసులో సిలిండర్ గీస్తుంటే ఒక అమ్మాయి లేచి, మేడం, మీరు ఇంజిన్ విప్పగా చూశారా అని అడిగింది. చూశాననీ, ముక్కల పేర్లు మాత్రం తెలియవనీ చెప్పాను. ఆ రెండో మాట అనడానికి ఇప్పుడు నాకు ఏ కష్టమూ లేదు. మబ్బు కేక వినబడితే మాత్రం కాలేజీ చీరలో ఉన్నా సరే, చేతులు వాటంతటవే నాలుగు మూలలు వెతుకుతాయి. అలాంటప్పుడు అప్పటి ఆ పిల్ల గుర్తొస్తుంది, స్కేలు పడేసి, కడుపు పట్టుకుని, ఆకాశం వైపు చూడకుండా పరుగెత్తిన పిల్ల. ప్రతిదానికీ భయపడే నేను ఆ ఒక్క పరుగు దగ్గర మాత్రం దాన్ని ఆపాలనుకోను. రెండో పట్టా కూడా బేగి తియ్యమనే చెప్తాను.