తవ్విన చోటి మాట

మా ఊరికి మట్టి పరీక్షలకు వచ్చిన ఒక మేడమ్, తవ్విన చోటు దాటి ఒక్క మాట చెప్పేది కాదు.

బీటీ పత్తితో నా చేలో మట్టి చచ్చిపోయిందనీ, రొయ్యల చెరువుకు ఇచ్చేయమనీ మా మరిది పోరుతుండేవాడు. మట్టిలో సూక్ష్మజీవులు బతికుంటే నూలుగుడ్డను తినేస్తాయని చెప్పి, ఆమె నా చేలోనూ పోల్చి చూడ్డానికి బీటీ వేయని పక్క మినుము చేలోనూ తెల్లగుడ్డలు పాతింది. పత్తి తీతలయ్యాక తవ్వితే రెండుచోట్లా పీలికలే మిగిలాయి.

"చూడబ్బయ్యా, నేల బతికే ఉండాది!" అన్నాను.

"గుడ్డ చినిగితే అయిపాయనా వదినా? బీటీతో ఏ చెరుపూ లేదని మేడమ్‌ను చెప్పమను!" అన్నాడు మరిది.

"అట్లా చెప్పలేనండి. ఈ గుంతలో మాత్రం సూక్ష్మజీవులు బతికే ఉన్నాయి" అందామె.

గట్టిగా ఔననలేదని నాకు కోపం వచ్చింది. కానీ ఆ ఒక్క గుంతలో కనబడినదాన్ని మరిది కాదనలేకపోయాడు. చేను రొయ్యలకు ఇవ్వలేదు.