పిడికెడు తవుడు

మా ఇంటికి వచ్చేవాళ్లెవరూ తిన్నగా రారు. బండి కిరాణా కొట్టు దగ్గర ఆపి, సబ్బు బిళ్ల కొన్నట్టు నటించి, అటూ ఇటూ చూసుకుని మెల్లగా సందులోకి తిరుగుతారు. మంత్రగాడి ఇల్లు కదా మరి! మా తాత చేతబడులు విప్పేవాడు, నాన్న తాయెత్తులు కట్టేవాడు. నేను గుమ్మడిదల దగ్గర ఒక మందుల కంపెనీలో బాయిలర్ చూసుకుంటూ, సెలవు రోజుల్లో ఆ రెండు పనులూ చేసేవాణ్ని. మేము చేసేది విప్పడమే అయినా, చేసేవాడూ విప్పేవాడూ జనానికి ఒకటే. నేను ఎదురైతే చంటిపిల్లల మొహాలు కొంగు చాటుకు తిప్పేసేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. పిల్లలకు జ్వరమొస్తే మా గడపలో కూర్చుని అదే కొంగుతో కళ్లొత్తుకునేదీ వాళ్లే.

అతను మాత్రం తిన్నగా వచ్చాడు. పట్టపగలు, సందు మొదట్లోంచే "మంత్రాలు చదివే ఇల్లు ఇదేనా అన్నా?" అని ఊరంతా వినేట్టు అడుగుతూ వచ్చాడు. మా కంపెనీలోనే ప్యాకింగ్‌లో కాంట్రాక్టు మనిషి. కొండాపూర్ దిక్కు ఊరు, గొర్రెలు కాసే ఇల్లు. మా వెనక గది కిరాయికి కావాలన్నాడు. అమ్మ ఒప్పుకుంది. సామాను దించుకున్నాక నా దగ్గరికొచ్చి, గొంతు కాస్తయినా తగ్గించకుండా అసలు సంగతి చెప్పాడు.

"పున్నమొస్తే నేను తోడేలునైత అన్నా. చిన్నప్పటి సంది గిట్లనే. జెర తీసెయ్యరాదు?"

"తాగినవా ఏంది?" అన్నాను.

"తాగుడా? ఆ వాసనకే నాకు తల పగుల్తది."

వాసన సంగతి నిజమే. సాయంత్రం పూట ఏ కంపెనీ గాలిలోకి ఏం వదిలినా, మా ముక్కులకు అందేలోపే అతను రుమాలు కట్టుకుని కిటికీలు మూసేవాడు. మిగతాది నేను నమ్మలేదు. తాత నేర్పిన విద్యలో లేనిది లోకంలోనే ఉండదని నాకు అంత పొగరు. ఎవడికో మతి చెదిరింది, ఒక దారం కట్టి పంపిద్దాం అనుకున్నాను.

పున్నమి నాడు పొలిమేర అవతల ఉన్న వెంచర్‌కు తీసుకెళ్లాను. ఎవరో ప్లాట్లు కొట్టి, అమ్ముడుపోక వదిలేసిన భూమి. హద్దురాళ్లు, ఎండుగడ్డి, రంగు వెలిసిన కమాను తప్ప ఇంకేమీ లేదు. పొద్దు ఒకవైపు దిగుతుంటే చందమామ ఇంకోవైపు లేస్తున్నాడు. విభూతితో గీత గీసి, రాగి చెంబులో నీళ్లు పెట్టి, తాత నెత్తిన మొట్టి మొట్టి నేర్పిన విప్పుడు మంత్రం ఎత్తుకున్నాను. చెంబులో నీళ్లు వణికాయి. అది నాకు మామూలే.

అతను చొక్కా విప్పి, చక్కగా మడతపెట్టి రాయి మీద ఉంచాడు. నా వైపు చూసి, "భయపడకు," అన్నాడు. ఆ మాట నాతో అంతవరకూ ఎవరూ అనలేదు. అందరూ నాకు భయపడేవాళ్లే.

ముందు నీడ మారింది. మనిషి ఇంకా నిలబడే ఉన్నాడు, గడ్డి మీద అతని నీడకు మాత్రం చెవులు మొలిచాయి. కీచురాళ్లు గప్‌చుప్ అయ్యాయి. నేను నొప్పులూ అరుపులూ ఉంటాయనుకున్నాను. అదేం లేదు. పనినుంచి వచ్చినవాడు కాళ్లు కడుక్కోవడానికి వంగినట్టు మెల్లగా వంగాడు, అంతే. వంగినవాడి వీపు మీద ఎండిన జొన్నచొప్ప రంగు బొచ్చు గాలికి అలలు అలలుగా లేచింది. తల ఎత్తినప్పుడు కళ్లు మాత్రం అవే.

అబ్బ! అంత అందం నేను జన్మలో చూడలేదు. మంత్రం సగంలో ఆగిపోయింది, ఎక్కడ ఆపానో కూడా గుర్తులేదు. నాకు తెలియకుండానే మోకాళ్ల మీద కూర్చుండిపోయాను. అది నా గీతను ముగ్గుపిండి గీతలా దాటుకుని వచ్చింది. నా అరచేతిలో విభూతి వాసన చూసి ఫట్‌మని తుమ్మింది. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. తర్వాత హద్దురాళ్ల మధ్య అది పరుగు తీస్తుంటే, అమ్ముడుపోని ఆ బీడుభూమికి అప్పటికి గానీ సొంతదారుడు దొరకలేదనిపించింది. అలిసిపోయి వచ్చి నా ఒడిలో తల పెట్టింది. చెంబులో నీళ్లు అప్పుడు వణకలేదు, తెల్లగా వెలిగాయి. అలా వెలుగుతాయని తాత కూడా ఎప్పుడూ చెప్పలేదు.

"తీసేసినవా?" అని అడిగాడు తెల్లారి, చాయ్‌లో బన్ను ముంచుకుంటూ.

"లేదు. తియ్య."

"ఎందుకు?"

"గట్లనే మంచిగున్నవ్."

చెవుల దాకా ఎర్రబడి, బన్ను చాయ్‌లో వదిలేశాడు. ఆ తర్వాత నన్ను 'అన్నా' అని పిలవడం ఎప్పుడు మానేశాడో గుర్తులేదు. "ఓ మంత్రగాడా" అనేవాడు. తాయెత్తుల దారాలు పేనిపెట్టేవాడు. వచ్చినవాళ్లను దూరం నుంచే వాసన చూసి, "దీనికి దయ్యం లేదు, కామెర్లున్నయి, సంగారెడ్డి దవాఖానకు తోలు," అని నా చెవిలో ఊదేవాడు. పొద్దున షిఫ్టుకు బండి మీద నా వెనక కూర్చుని భుజం మీద గడ్డం ఆనించేవాడు. ప్రేమించాను. దానికి ఇంకో మాట వెతకను. అమ్మ మాత్రం ఏమీ అడగలేదు, నేనూ చెప్పలేదు. అన్నం గిన్నె పెద్దది దించింది, అంతే.

చలి తగ్గేవేళకు ఊళ్లో గొర్రెలు చావడం మొదలైంది. అది హైవే పక్కన పోసే కోడివ్యర్థాలు తిని మదమెక్కిన కుక్కల పని. గాట్ల దగ్గర వాసన చూసి అతనే చెప్పాడు. గొర్రెల మధ్య పెరిగిన ప్రాణం, ఒక్క గొర్రెనూ ముట్టి ఎరగడు. కానీ ఎవరో సందెవేళ వెంచర్‌లో తోడేలును చూశారు. ఇంకేముంది! మాజీ సర్పంచ్ పదిమందిని వెంటేసుకుని వచ్చాడు. ఈసారి ఎవరూ కిరాణా కొట్టు దగ్గర ఆగలేదు.

"నీ తాత లెక్క పొలిమేర కట్టాలె బిడ్డా. పున్నమి నాడే కట్టు."

మా తాత కట్టే తీరు ఇది. గంప పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, "ఈ ఇంట్ల ఎందరున్నరు?" అని అడగాలి. ఇంటి పెద్ద గడపలో నిలబడి లెక్క చెప్పి, మనిషికో పిడికెడు బియ్యం, గొడ్డుకో పిడికెడు తవుడు పోయాలి. ఆ గింజలకు పసుపు కలిపి పొలిమేర చుట్టూ చల్లితే కట్టు పడుతుంది. మామూలు మనుషులను అది ఆపదు. కానీ వీధికుక్కయినా, అడవి నెత్తురున్నదైనా ఏ ఇంటి లెక్కలోనూ లేకపోతే ఆ గీత దాటలేదు, మనిషి రూపంలో ఉన్నా సరే.

"కిరాయోళ్లను లెక్కవెట్టకు," అన్నాడు మాజీ సర్పంచ్. "ఇయ్యాల ఉంటరు, రేపు పోతరు."

కట్టనంటే, తోడేలును పెంచేది మంత్రగాడే అంటారు. ఆ మాట పుట్టాక మా దిక్కున ఏం జరుగుతుందో విడమరిచి చెప్పక్కర్లేదు. పోనీ అతన్ని లెక్కలో నేనే చేర్చుదామంటే, కట్టేవాడు అడగాలే తప్ప చెప్పకూడదు, ఎవరితోనూ చెప్పించకూడదు. చెప్పిస్తే కట్టు పట్టదు. మా ఇంటి పెద్ద అమ్మ. అతను నాకేమవుతాడో అమ్మకు అంతవరకు చెప్పలేదు, ఇప్పుడిక చెప్పడానికి వీల్లేదు.

అతను బ్యాగు సర్దుకున్నాడు. "ఇస్నాపూర్‌ల రూమ్ చూసుకుంట. పరేషాన్ గాకు."

"నోర్ముయ్! ఎక్కడికి పోతవ్?" అని అరిచాను. కోపం కాదు, భయం.

"అరిస్తే అయితదా? పున్నమి నాడు వెంచర్ల ఉంట. గీత దాటనిస్తే వస్త. దాటనియ్యకుంటే అటు నుంచి అటే పోత," అని నా తలను తన మెడకు ఆనించుకున్నాడు.

పున్నమి నాడు మధ్యాహ్నం డప్పుతో బయల్దేరాం. కట్టేవాడి ఇల్లు చివర రావాలి. గంప నిండుతూ వచ్చింది. మా గడప ముందు ఊరంతా గుమిగూడింది. పరాయివాడిలా నిలబడి అమ్మను అడిగాను.

"ఈ ఇంట్ల ఎందరున్నరు?"

అమ్మ కొంగు నడుముకు దోపుకుంది. "ముగ్గురం."

మాజీ సర్పంచ్ నవ్వాడు. "ఇద్దరే గద వదినె! కిరాయి పిల్లగాన్ని గుడ కలిపినవా ఏంది?"

"కిరాయి తీసుకుంటే గద కిరాయి పిల్లగాడు. వద్దన్న, బంద్ జేసిన. ఇంటి మనిషి కాడ ఎవలన్న కిరాయి తీసుకుంటరా?"

ఆ ముక్క నాకు కూడా తెలియదు. ఇద్దరిలో ఒక్కరూ చెప్పలేదు! అమ్మ మూడు పిడికిళ్లు పోసింది. నా పిడికిలికీ అతని పిడికిలికీ తేడా లేకుండా, ఒత్తి ఒత్తి పోసింది. నేను కళ్లు తుడుచుకోబోతే, "ఉండు," అని లోపలికి పోయి ఇంకో పిడికిలి మూసుకుని వచ్చింది. తవుడు.

"తవుడెందుకు?" అన్నాడు మాజీ సర్పంచ్. "నీకు బర్రె లేదు, మేక లేదు."

"నా ఇంట్ల ఏమున్నదో నా గడపకెరుక." అమ్మ నన్నే చూస్తోంది. "పట్టురా, గట్ల సూస్తున్నవేంది?"

గంప పట్టాను. తవుడు పడగానే గింజలన్నీ చెంబులో నీళ్లలా వణికాయి. ముందు వరసవాళ్లు రెండడుగులు వెనక్కి వేశారు. గడపలో పెద్ద చెప్పిన లెక్కను కాదనే హక్కు ఎవరికీ లేదు. మాజీ సర్పంచ్ కండువా సర్దుకుని డప్పువాళ్ల వైపు తిరిగాడు.

పొద్దు వాలేసరికి గీత పూర్తయింది. హైవే దిక్కు నుంచి కుక్కల గుంపు ఉరికి వచ్చి, పసుపు గింజల ముందు గోడ తగిలినట్టు ఆగింది. మొరిగాయి, గీరాయి, చివరికి తోకలు ముడుచుకుని వెనక్కి పోయాయి. జనం చేతులెత్తి మొక్కి, డప్పు కొట్టుకుంటూ ఇళ్లకు మళ్లారు. వెంచర్ దిక్కు గీత దగ్గర దీపం పెట్టాలని చెప్పి నేను ఉండిపోయాను.

చందమామ లేచాడు. కమాను కింద నుంచి అతను వచ్చాడు, జొన్నచొప్ప రంగులో. గీత ముందు ఆగి, ముక్కు దించి వాసన చూశాడు. బియ్యం వాసన చూసి, కాస్త జరిగి తవుడు వాసన చూశాడు. చెవులు వెనక్కి వాల్చి నా మొహంలోకి చూశాడు. నేను పిలవకూడదు, చెయ్యి చాచకూడదు. కాలు ఎత్తి గీత మీద పెట్టాడు. పొలిమేర పొడవునా గింజలు తెల్లగా వెలిగాయి, ఆ నాటి చెంబు నీళ్లలా, కనుచూపు మేర. ఆ వెలుగులోంచి ఊళ్లోకి నడిచి వచ్చి నా మోకాళ్లకు తల ఆనించాడు.

వెనక సందు నుంచి ఇంటికి వెళ్లాం. అమ్మ బకెట్టు, చెంబు పట్టుకుని దొడ్డి తలుపు దగ్గర నిలబడి ఉంది. తోడేలును తల నుంచి తోక దాకా చూసింది.

"ఎప్పటి సంది ఎరుక నీకు?" అన్నాను.

"నెలనెలా ఆ దుప్పట్లకు అంటుకున్న బొచ్చు ఎవలు దులుపుతున్నరనుకున్నవ్? ఇగ నడువుండ్రి, కాళ్లు గడుక్కోండ్రి ఇద్దరు. అన్నం సల్లగైతుంది."

అమ్మ చెంబు వంచింది. అతను ముందుకాలు చాచాడు.