గాలికి ఎదురు జరిగిన సున్నాలు

దెయ్యాలు, మహిమలు అంటే నాకు ఇప్పటికీ నవ్వే వస్తుంది. రాజోలు దగ్గర హైస్కూల్లో ఏళ్ల తరబడి సైన్సు చెప్పినవాణ్ణి. అందుకే ఈ సంగతి చెప్పాలంటే కాస్త సిగ్గుగానే ఉంది.

రెండు వేల సంవత్సరం దాటిన తర్వాతి మాట. అమలాపురం వైపు కాలేజీలో పాఠాలు చెప్పే ప్రసాదరావు గారు నాకు స్నేహితులు. థర్మోకోల్‌తో చిన్న విమానం చేసి, రిమోట్‌తో ఎగరేసి, దాంతో గాలిని కొలిచేవారు. డ్రోన్ అన్న మాట అప్పటికి మా వైపు ఎవరికీ తెలీదు.

పద్ధతి వింటే ముచ్చటేస్తుంది. విమానాన్ని ఒకే తీరుగా సున్నాలు చుట్టిస్తే, గాలి ఆ సున్నాలను తను పోయేవైపు జరుపుకుంటూ పోతుంది. ఎటు జరిగితే అదే గాలి దిక్కు, ఎంత త్వరగా జరిగితే అంత వేగం. అంత గాలినీ ఓ బొమ్మతో పట్టేసిన ఆయన బుర్రకి దణ్ణం పెట్టాలనిపించేది.

ఓ ఆదివారం సముద్రపు ఒడ్డున ఎగరేస్తానంటే మా అక్కావాళ్ల ఊరు తీసుకెళ్లాను. వెళ్లేసరికి ఊరంతా ఒడ్డునే ఉంది. వేటకెళ్లిన మిగతా పడవలన్నీ వచ్చేశాయి, మా బావ పడవ రాలేదు. అక్క ఇసుకలో కూర్చుంది. ఏడవడం లేదు. అది చూసే నాకు భయమేసింది.

పడమటి గాలి గట్టిగా వీస్తోంది. సరుగుడు చెట్లు తూర్పుకి వంగిపోతున్నాయి. ఇంజను ఆగిపోతే పడవ గాలివాటున తూర్పుకే కొట్టుకుపోతుందని పెద్దలు తేల్చి, వెతకడానికి రెండు పడవలు సిద్ధం చేస్తున్నారు. గాలి వేగం తెలిస్తే ఎంత దూరం పోయిందో అంచనా కట్టొచ్చని ప్రసాదరావు గారు విమానం బయటికి తీశారు.

అక్క లేచి వచ్చింది. "కొత్త వాహనం కదండీ, బొట్టు పెట్టకుండా పంపేస్తారా?"

మావాళ్లు సైకిలు కొన్నా, పడవ దింపినా పసుపు కుంకుమ పెట్టందే కదలనివ్వరు. అక్క రెక్కకి బొట్టు పెట్టి, పసుపు గుడ్డ పేలిక కూడా కట్టబోయింది. అది కడితే విమానం ఓ పక్కకి లాగేస్తుందని నేను అడ్డం వెళ్లబోయాను. ఆయన మాత్రం, "ఆయ్, కట్టండమ్మా" అన్నారు. ఆయన మీద నా గౌరవం అక్కడే రెట్టింపైంది.

విమానం లేచి సున్నాలు చుట్టడం మొదలెట్టింది. ఆ సున్నాలు పడమరకి జరిగాయి, గాలికి ఎదురుగా.

పైన గాలి వేరుగా ఉందేమోనని ఆయన విమానాన్ని చెట్ల ఎత్తుకి దించారు. కాళ్ల దగ్గర ఇసుక తూర్పుకి కొట్టుకుపోతోంది, నెత్తిమీద సున్నాలు పడమరకే పోతున్నాయి. తర్వాత రిమోట్‌కి కూడా లొంగలేదు. సున్నాలు చుట్టుకుంటూనే సముద్రం మీద కనుచూపు దాటిపోయింది.

"ఒక్క పడవైనా అటు పంపండి బాబూ" అంది అక్క. పెద్దలు తటపటాయించారు. ప్రసాదరావు గారు వెళ్లి అక్క పక్కన నిలబడి అదే మాట అన్నారు. అంత చదువుకున్నాయన చెప్పాక ఎవరూ కాదనలేదు.

తూర్పుకెళ్లిన పడవ ఖాళీగా తిరిగొచ్చింది. పడమరకెళ్లింది పొద్దుగూకకముందే బావని, ఆయన మనుషుల్ని తీసుకొచ్చింది. ఇంజను పంకాకి వల చుట్టుకుంటే, గాలికి కొట్టుకుపోకుండా లంగరు వేసుకుని ఉన్నారట. లంగరు తాడు అప్పటికే పురులు తెగి, ఆఖరి పురి మీద ఆగి ఉందట. విమానం మాత్రం తమకి కనబడలేదన్నారు, మోతయినా వినలేదన్నారు.

రిమోట్ పాడైందంటే ఒప్పుకుంటాను. కానీ రిమోట్ పాడైన విమానాన్ని గాలి ఇంకా తేలిగ్గా తూర్పుకి తోసెయ్యాలి కదా. ప్రసాదరావు గారు మరో విమానం చేసి, అదే ఒడ్డున, అలాంటి గాలిలోనే, గుడ్డ కట్టీ, కట్టకుండానూ ఎగరేసి చూశారు. అది ప్రతిసారీ బుద్ధిగా తూర్పుకే జరిగింది. ఏమిటంటారని అడిగితే, "నాకు తెలియదండీ" అన్నారు. అంత తెలిసిన మనిషి ఏ బిడియమూ లేకుండా ఆ మాట అనడం నేను ఇంకెక్కడా చూడలేదు.

అక్కని అడిగితే, "మీ బావ ఇంటికొచ్చేరు కదరా, ఇంకేం కావాలి నీకు?" అంటుంది.

నాకింకా కావాలి. బావ ఎదురుగా కూర్చుని అన్నం తింటుంటే, ఎలా దొరికావయ్యా అనుకుంటూ చూస్తాను. కళ్లు తడుస్తాయి తప్ప జవాబు రాదు.